బియ్యం బస్తాలో ఇటలీ

ముందుమాటలో మా అమ్మ అక్కర్లేదట.

ఆ మాట రాసినతను మర్యాదస్తుడే. ఇంగ్లండులో ఉంటాడు, వయసులో నాకంటే చాలా చిన్న. ఉత్తరం మొదట్లో కుశలప్రశ్నలకీ, చివర్లో కృతజ్ఞతలకీ ఏ లోటూ రానివ్వడు. ఇటలీ బొమ్మల కథలు కొన్ని ఏరి నేను ఇంగ్లీషులోకి చేస్తే అతని ప్రచురణ సంస్థవాళ్ళు పుస్తకంగా వేస్తున్నారు. ఇటలీ బొమ్మల కథంటే ఏమిటో తెలియని ఇంగ్లీషు పాఠకులకి పరిచయంగా ముందుమాట కూడా నన్నే రాయమన్నారు. రాసి పంపాను. నిన్న తిరిగొచ్చింది. మొదటి రెండు పేజీల మీద అడ్డంగా ఎర్రగీత, పక్కన ఒక వివరణ. ఇది మీ ఇంటి విషయం, పాఠకులకి సంబంధం అర్థం కాదు అన్నాడు. పైగా చిన్నప్పుడు ఈ కథల్ని తప్పుగా చదివానని మీరే చెప్పుకుంటే అనువాదం మీద నమ్మకం పోతుందన్నాడు. "ఇటలీవాళ్ళు బొమ్మల కథల్ని చిన్న పొగలు అంటారు" అనే వాక్యం మాత్రం అతనికి తెగ నచ్చింది. అక్కణ్ణించి మొదలుపెడదాం అన్నాడు.

మొదలుపెడతాడట! ఆ రెండు పేజీల్లో ఉన్నది మా అమ్మ. ఇప్పుడు విజిట్ వీసా మీద వచ్చి, పక్క గదిలో నేల మీద పాత దుప్పటి పరుచుకుని, గోంగూర ఆకు తుంపుతూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మీదే ఇది రాస్తున్నాను, తెలుగులో. ఇక్కడ ఎర్రగీత కొట్టడానికి ఎవరూ లేరు.

సౌదీలోని ఇదే అల్ ఖోబర్‌లో నా చిన్నతనం గడిచింది. సముద్రం ఒక్కటే అప్పటిది, తక్కినదంతా మారిపోయింది. మేమున్న మూడంతస్తుల ఇల్లు పోయి అక్కడ కార్లు ఆపుకునే మైదానం వచ్చింది. అప్పట్లో సెలవు గురువారం, శుక్రవారం. నాన్న తోడు లేకుండా అమ్మ గడప దాటేది కాదు. ఆవిడ లోకమంతా ఆ బాల్కనీయే. తాడు కట్టిన ప్లాస్టిక్ బకెట్‌ను అక్కణ్ణించి కిందికి దింపేది. కింద బఖాలాలో, అంటే కిరాణా కొట్లో, మలయాళీ ఆయన పాలూ పెరుగూ వేడివేడి రొట్టే అందులో పెట్టి, తల పైకెత్తి "బస్?" అని అరిచేవాడు. అమ్మ అరచెయ్యి ఎత్తి చూపించి "బస్, బస్" అనేది. చాలు అని. హిందీకీ అరబ్బీకీ ఉమ్మడిగా ఉన్న ఆ ఒక్క మాటతోనే అమ్మ ఆ దేశాన్ని నెట్టుకొచ్చింది. రొట్టె పైకి వచ్చేలోపు అంచులు తుంపుకు తినేయడం నా పని, అది పిల్లి మీద తోసేయడం అక్క పని. మా ఇంట్లో పిల్లి లేదు. అయినా అమ్మ నమ్మినట్టే ఉండేది.

నాన్న ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. గొట్టాలు ఎక్కడ వంగాలో, ఎక్కడ కలవాలో గీసేవాడు. నకళ్ళు తీసే మిషన్లో అమ్మోనియా వాడేవారు కాబట్టి సాయంత్రం తలుపు తియ్యగానే నాన్నకంటే ముందు ఆ ఘాటు ఇంట్లోకొచ్చేది. చొక్కా విప్పి బాల్కనీలో వేస్తేగానీ అమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చేది కాదు. పాడైపోయిన నకళ్ళని చుట్ట చుట్టి మాకోసం తెచ్చేవాడు. ఒకవైపు నీలం గీతలు, రెండోవైపు ఖాళీ కాగితం. ఆ ఖాళీ వైపంతా నాదీ అక్కదీ.

నాన్నకి పై అధికారిగా ఇటలీ ఆయన ఒకడుండేవాడు. ఆయన ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ రాకుండా, ఇంటికి వెళ్ళిపోతూ తన డ్రాయింగ్ బల్ల నాన్నకి ఇచ్చేశాడు. దానితోపాటు ఒక అట్టపెట్టె కూడా. డ్రాయింగ్ కాగితాలేమో అనుకుని నాన్న సంబరంగా మోసుకొచ్చాడు. విప్పితే అన్నీ బొమ్మల పుస్తకాలు. అరచేతికంటే కాస్త పెద్దవి, లావుపాటివి, లోపలంతా నలుపూ తెలుపూ. చౌకరకం కాగితం, పాత సిగరెట్ల కంపు. "ఓస్, ఇవా" అని నాన్న ఆ పెట్టెని చెప్పుల బీరువా వెనక్కి తోసి మర్చిపోయాడు. మేము మర్చిపోలేదు.

ఇటలీలో అవి చిన్నపిల్లల కోసమే వేసినవి కావు. పేపర్లు అమ్మే కొట్లలో దొరికేవి, రైల్లో ఆఫీసుకెళ్ళే పెద్దమనుషులు చదివి జేబులో కుక్కుకునేవి. ఆ బొమ్మలు వేసినవాళ్ళు అమెరికా మొహం చూడకుండానే ఇంట్లో కూర్చుని అమెరికా ఎడారుల్లో గుర్రాలు పరిగెత్తించారు. ఇదంతా ముందుమాట మూడో పేజీలో రాశాను, దాని మీద ఎర్రగీత పడలేదు. ఆ రోజుల్లో మాకు తెలిసిందల్లా అక్షరాలు ఇంగ్లీషువనీ, మాటలు కావనీ. ప్రతి మాటా మన మాటలాగే అచ్చుతో ఆగేది. తలుపు తడితే లోపలివాడు "ఛీ" అనేవాడు. అది "ఎవరూ" అని అడగడమనీ, పలకడం కూడా "కీ" అనాలనీ నాకు చాలా ఏళ్ళకిగానీ తెలియలేదు. తూటా తగిలినవాడు "మామ్మ" అంటూ కూలిపోయేవాడు. చచ్చేముందు కూడా నాయనమ్మని తలుచుకుంటున్నారే, ఎంత మంచివాళ్ళో అని అక్క కళ్ళు తుడుచుకునేది.

ఆ పెట్టెలో అట్టలు ఊడిపోయిన పుస్తకం ఒకటుంది. పేజీల మీద అంకెలు కూడా లేవు. ఎటునుంచి చదవాలో మాకు తేలలేదు. బడిలో అరబ్బీ పరీక్షలో ఎప్పుడూ మొదటి మార్కు అక్కదే. బఖాలాలో దొరికే అరబ్బీ పిల్లల పత్రికలు కుడివైపు నుంచి తెరుచుకునేవి. "ఈ దేశంలో దొరికిన పుస్తకం ఈ దేశం పద్ధతిలోనే చదవాలి" అని అక్క తీర్పు చెప్పింది. ఆ తీర్పుకి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు.

అలా చదివితే కథ ఇదీ. ధాన్యం బస్తాలు బండ్ల మీదికి ఎక్కుతున్నాయి. గడ్డి టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు చాలామంది నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు కర్ర పట్టుకున్న మేస్త్రీ. ఆడవాళ్ళలో ఒకావిడ అరచెయ్యి ఎత్తి ఏదో అరుస్తోంది. ఆవిడ నోటి దగ్గరి బుడగలో పెద్దపెద్ద అక్షరాలు: బి, ఏ, ఎస్, టి, ఏ. బస్తా! అక్షరాలు మాత్రమే ఇంగ్లీషు, మాట మనదే. కూలి కింద ఒక బస్తా ఇమ్మని అడుగుతోంది పాపం. మేస్త్రీ ఇవ్వలేదు, కర్ర ఎత్తాడు. ఆఖరి పేజీల్లో అందరూ మోకాళ్ళలోతు నీళ్ళలో నడుములు వంచి మళ్ళీ పనిలోకి దిగారు. అక్కడితో అయిపోయింది. ఆ కథ చదివి నేను రెండు రోజులు ముభావంగా ఉన్నాను.

మూడో రోజు అమ్మ బియ్యం ఏరుతూ ఆ పుస్తకం చేతిలోకి తీసుకుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా కూడబలుక్కునే చదువుతుంది. మొదట బొమ్మల నోళ్ళ దగ్గరి బుడగల్ని చూసింది.

"ఇదేంటే, వీళ్ళ నోళ్ళలోంచి పొగొస్తోంది? చలికాలమా?"

"పొగ కాదమ్మా, మాటలు" అంది అక్క, ఏమీ తెలియనిదాన్ని చూసినట్టు చూస్తూ.

"మాటలైతే పొగలా వస్తాయా ఏంటి? దాళ్వా నాట్లప్పుడు, రెండో పంటకి, చలిలో తెల్లారగట్ల మళ్ళో దిగి మాట్లాడుకుంటే మా అందరి నోళ్ళలోంచీ ఇట్టాగే వచ్చేది" అంది. అనేసి, ఎందుకో నాలిక కరుచుకుంది.

మేం ఆ నాలిక్కరుచుకోవడాన్ని పట్టించుకోలేదు. అమ్మ పేజీలు తిప్పుతూ తిప్పుతూ నీళ్ళలో వంగిన ఆడవాళ్ళ దగ్గర ఆగిపోయింది. ఆ బొమ్మ వేసినతను నీళ్ళు వెయ్యలేదు. కాళ్ళ చుట్టూ నాలుగు అడ్డగీతలు గీసి వదిలేశాడు, అవే నీళ్ళు. అమ్మ ఆ గీతల మీద వేలు పెట్టింది.

"ఇవి నాట్లేనే. ఎడంచేతిలో నారు కట్ట చూడు. బొటనవేలితో నొక్కుతోంది చూడు, అట్టా నొక్కకపోతే మొక్క తేలిపోద్ది. ఏ ఊరే వీళ్ళది?"

"ఇటలీ. ఇది ఆఖరి పేజీ అమ్మా" అన్నాను.

"ఆఖరిదేంటి?"

"కథ ఇక్కడితో అయిపోయింది. బస్తా అడిగితే ఇవ్వలేదు, మళ్ళీ వంగి పనిచేశారు."

అమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి పకపకా నవ్వింది. ఖోబర్‌లో అమ్మ అంత గట్టిగా నవ్వడం అంతకుముందు నేను వినలేదు.

"మీ చదువులు తగలెయ్య! కోతలై, బస్తాలు బండెక్కాక, అప్పుడు నాట్లేస్తారా ఎక్కడన్నా? ఇటు తిప్పండే పుస్తకాన్ని."

తిప్పాం. ముందు ఆడవాళ్ళు వంగి ఉన్నారు. ఆ పైన మేస్త్రీ కర్ర ఎత్తాడు. ఒకావిడ అరచెయ్యి ఎత్తి నిలబడింది. ఆవిణ్ణి చూసి పక్కావిడ నిలబడింది, తర్వాత అందరూ నిలబడ్డారు. చివర బస్తాలు బండెక్కుతుంటే గట్టు మీద నిలబడి ఎవరో తమాషా చెప్పినట్టు నవ్వుకుంటున్నారు. ఓడిపోయారని నేను రెండు రోజులు దిగులుపడ్డ మనుషులు గెలిచారు. అక్షరం ముక్క అర్థం కాకుండా ఆ కథని సరిగ్గా చదివినది మా ఇంట్లో అమ్మ ఒక్కతే.

ఆ తర్వాతి శుక్రవారం పొద్దున అమ్మ పెసరట్లు వేస్తోంది. కింది వాటాలో ఉండే కడప బాబాయి టిఫినుకి వచ్చాడు. నాన్న కంపెనీలోనే వ్యాన్ నడిపేవాడు. నాన్నని అన్నా అనేవాడు, అమ్మని వదినా అనేవాడు, మాకు ఖర్జూరాలు తెచ్చేవాడు. చెడ్డవాడు కాదు. నేల మీద పడి ఉన్న ఆ పుస్తకం తీసి రెండు పేజీలు తిప్పి ఉలిక్కిపడ్డాడు.

"అన్నా, ఇట్లాటివి ఇంట్లో పెట్టుకోవద్దునా. ఆడోళ్ళ తొడలు ఏసినారు సూడు. పిల్లోల్లు బడికి ఎత్తుకపోతే? ఎవురన్నా సూస్తే కఫీల్ దాంకా పోతాది."

కఫీల్ అంటే మా వీసా ఎవరి పేరు మీద ఉందో ఆయన. ఆ మాట వింటే నాన్న మొహం ఎప్పుడూ పాలిపోయేది. ఆయన భయాన్ని నేనిప్పుడు వెక్కిరించను. నాలుగు ప్రాణాలు నాన్న నివాస కార్డు ఒక్కదాని మీద ఆధారపడి బతుకుతున్న రోజులవి. నాన్న లేచి చెప్పుల బీరువా వెనకనుంచి పెట్టెని బయటికి లాగాడు.

"ఆ ఖాళీ బియ్యం బస్తా ఇటు తే" అని వంటింట్లోకి కేకేశాడు. "అన్నీ కట్టి బలదియా డబ్బాలో పడేసొస్తాను." బలదియా డబ్బా అంటే వీధి చివరి చెత్తకుండీ. అక్క ఏడుపు లంకించుకుంది. "నాన్నా, అది వరి నాట్ల కథ నాన్నా, పారేయకు."

"నాట్లో కోతలో, ఆ బట్టలేంటి? సిగ్గుమాలిన బొమ్మలు. నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. బస్తా తెమ్మన్నానా?"

అమ్మ అట్లకాడతో బయటికి వచ్చింది. రెండో చెయ్యి ఎత్తి, అరచెయ్యి నాన్న మొహానికి ఎదురుగా పెట్టి అంది:

"బస్."

నేనూ అక్కా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అదే చెయ్యి. అచ్చం పుస్తకంలో ఆవిడ చెయ్యే.

"సిగ్గుమాలినదేముంది ఇందులో? మోకాళ్ళలోతు నీళ్ళలో దిగేవాళ్ళు బట్ట ఎగ్గట్టకుండా ఎట్టా దిగుతారు? నేనూ ఇట్టాగే ఎగ్గట్టాను. మా పొలంలో కాదు. మాకు సెంటు భూమి లేదు. పరాయివాళ్ళ పొలాల్లో, కూలికి. పదో ఏటి నుంచి మీ చేత మూడు ముళ్ళు వేయించుకునేదాకా. ఇక్కడ ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్పలేదు. నా పిల్లలక్కూడా చెప్పలేదు. ఈ బొమ్మ సిగ్గుమాలినదైతే నేనూ సిగ్గుమాలినదాన్నే. నన్నూ ఆ బస్తాలో వేసి పారేసి రండి."

గురువారం సాయంత్రాలు తెలుగు ఇంజనీర్ల భార్యలు కలిసినప్పుడు మీకెంత పొలం అని ఎవరైనా అడిగితే అమ్మ "పొలాల్లోనే పెరిగాను" అనేది. అందులో అబద్ధం లేదు. ఆ మాట అసలు అర్థం ఆ శుక్రవారం దాకా మాకు తెలియదు. పొయ్యి మీద అట్టు మాడిపోతోంది, ఆ వాసన గదంతా కమ్ముకుంది.

మొదట నోరు విప్పింది కడప బాబాయే. తలొంచుకుని పుస్తకం అమ్మ చేతికిచ్చాడు. "తప్పయిపాయె వదినా. మా యమ్మ గూడా శెనక్కాయ పెరికే కూలికి పోయే నన్ను సాకింది."

నాన్న వంటింట్లోంచి ఖాళీ బస్తా తెచ్చుకున్నాడు. తక్కిన పుస్తకాలన్నీ తనే బస్తాలో వేసుకుని మెట్లు దిగాడు. గుర్రాలూ, తుపాకులూ, మామ్మా అంటూ చచ్చిపోయే మంచివాళ్ళూ అందరూ పోయారు. వాళ్ళ కోసం నేను ఇప్పటికీ బాధపడతాను. ఆ ఒక్క పుస్తకాన్ని మాత్రం అడగలేదు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి, నిండుగా ఉన్న బియ్యం బస్తా మూతి విప్పి, మోచెయ్యి దాకా చెయ్యి దూర్చి దాన్ని అడుగుకి తోసింది. "ఎవరొచ్చినా బియ్యం దాకా రారు" అంది.

తర్వాతి గురువారం ఎవరో మళ్ళీ పొలాల మాటెత్తారు. "మాకు లేవు, నేను కూలికెళ్ళేదాన్ని" అంది అమ్మ, పకోడీల పళ్ళెం అందిస్తూ. తర్వాత రెండిళ్ళవాళ్ళు మమ్మల్ని పిలవడం మానేశారు. అమ్మ లెక్కచెయ్యలేదు. పుస్తకం ఒక బస్తాలోంచి ఇంకో బస్తాలోకి మారుతూ మాతోపాటు కొన్నేళ్ళు అక్కడే ఉంది. సెలవు రోజుల్లో బయటికి తీసి, తవుడు దులిపి చదివేవాళ్ళం. అక్క పంతం కొద్దీ ఒకసారి వెనకనుంచి కూడా చదివేది. మొన్న ఇక్కడి మాల్‌లో పిల్లలు జపాను బొమ్మల పుస్తకాలు వెనకనుంచి చదవడం చూసి అక్కకి ఫోన్ చేశాను. "నేనప్పుడే చెప్పానా" అని అది ఇప్పటికీ తగ్గలేదు.

పెద్దయ్యాక హైదరాబాదులో ఇటాలియన్ క్లాసులో చేరినప్పుడు గోల చేస్తున్న మమ్మల్ని చూసి టీచరు చెయ్యెత్తి "బస్తా!" అంది. అంటే ఏమిటని అడిగాను. ఇక చాలు, ఆపండి అని. క్లాసు మధ్యలో లేచి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. పుస్తకంలో ఆవిడ బస్తా అడగలేదు. మా అమ్మ నాన్నతో అన్నమాటే అంది. ఆ సంగతి మా అమ్మకి ఎవరూ చెప్పలేదు, ఆవిడకి చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. ఇటలీవాళ్ళు ఈ కథల్ని చిన్న పొగలు అంటారని చెప్పింది కూడా ఆ టీచరే. ఇంగ్లండు అబ్బాయికి తెగ నచ్చిన వాక్యం అదే. దాన్ని నేను క్లాసులో నేర్చుకోకముందే మా అమ్మ బియ్యం ఏరుతూ చెప్పేసింది.

ఇప్పుడు నేను ఇంగ్లీషులోకి చేసిన కథల్లో ఆ నాట్ల కథ కూడా ఉంది. అట్టలు లేని ఆ పాత పుస్తకం నా బల్ల మీదే ఉంది. పక్క గదిలోకి వెళ్ళి అమ్మ ఎదురుగా కూర్చుని గోంగూర కాడ ఒకటి అందుకున్నాను.

"నీ గురించి రాసిన రెండు పేజీలూ వద్దంటున్నారమ్మా."

"ఏం రాశావేంటి?"

"నువ్వే తిప్పి చదివించావని. నాన్నకి ఎదురు నిలబడ్డావని."

"కూలికెళ్ళానని రాశావా?"

"రాశాను."

అమ్మ కాసేపు ఆకు తుంపింది. "ఇన్నేళ్ళు నడుం వంచితే రెండు పేజీలేనా?" అంది.

లేచొచ్చి ఇంగ్లండు అబ్బాయికి జవాబు రాశాను. ముందుమాట ఉంటే మొత్తం ఉంటుంది, లేదంటే మొత్తం పోతుంది, దానితోపాటు నా పేరూ పోతుంది అన్నాను. కుశలప్రశ్నలు అడగలేదు. కింద సంతకానికి ముందు ఒక్క మాట ఇటాలియన్‌లో పెట్టాను, దాని అర్థం అతనికి తెలుసు. జవాబు ఇంకా రాలేదు. ఏం వచ్చినా సరే, అతను కొట్టేసిన మొదటి వాక్యం ఇక్కడ, తెలుగులో, నేను రాసినట్టే ఉంటుంది: "ఈ కథల్ని ఎటునుంచి చదవాలో నాకు చెప్పినావిడకి ఇటాలియన్ రాదు, ఇంగ్లీషు రాదు. కోతలయ్యాక నాట్లు వెయ్యరని మాత్రం ఆవిడకి తెలుసు. ఆవిడ మా అమ్మ, పరాయి పొలాల్లో కూలికి నాట్లేసింది."